ఏడవాలంటే ఎవరో చావాలి

మా పక్కింటి అక్క పోయిందన్న కబురు నాకు వాట్సాప్‌లో తెలిసింది. ఆమె ఇంటి గోడకీ మా గోడకీ మధ్య మనిషి పట్టేంత సందు కూడా లేదు. కానీ ఆ పొద్దున నేను ఎలమంచిలిలో ఒక సభలో మాట్లాడి, తిరుగు రైలు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడున్నాను. మా వీధి గ్రూపులో మెసేజ్ వచ్చింది. "మన హిందీ ఆంటీ ఇక లేరు. హార్ట్ ఎటాక్. చాలా మంచి మనిషి. ఎవరితోనూ గొడవ పడలేదు, ఏనాడూ గట్టిగా మాట్లాడి ఎరగరు. పూర్తిగా మనలో కలిసిపోయిన మనిషి." దాని కింద వరసగా దండాల బొమ్మలు.

రైలొచ్చేదాకా ఆ మెసేజ్‌నే చూస్తూ ఉన్నాను. ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. ఇప్పుడు రాస్తున్నది కూడా ఆ మంటతోనే. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు నెమ్మదిగా, తియ్యగా రాయాలని కొందరంటారు. వాళ్లు ఇక్కడే పేజీ తిప్పేయొచ్చు.

గట్టిగా మాట్లాడలేదట! ఆమె గొంతు ఎంత పెద్దదో మా వీధికి ఒక్కసారి తెలిసింది. ఆ ఒక్కసారికే మూయించాం.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. ఇన్నేళ్లలో మా వీధిలో ఎవరూ ఆమెని పేరు పెట్టి పిలవలేదు. మొదట్లో "ఇందీవోళ్ల కోడలు", తర్వాత "ఇందీ ఆవిడ", పిల్లలు పెద్దయ్యాక "హిందీ ఆంటీ". ఆమె మాట్లాడేది హిందీ కాదు, భోజ్‌పురి. ఆ తేడా ఎవరిక్కావాలి? బతికున్నంత కాలం పిలవని పేరుని పోయాక అచ్చులో వేసి దండం పెట్టడం నాకు చేతకాదు. నాకామె అక్క. ఆమె భర్త బావ. ఈ వ్యాసంలోనూ అంతే.

బావది బీహార్‌లో గంగకి ఉత్తరాన ఒక పల్లె. విశాఖ స్టీల్ ప్లాంటు కడుతున్న రోజుల్లో ఒక కాంట్రాక్టరు తెచ్చిన వెల్డర్ల గుంపులో వచ్చాడు. ప్లాంటు లేచింది, గుంపు వెళ్లిపోయింది, ఈయన ఉండిపోయాడు. ఓడల రిపేర్లు, రిఫైనరీ ఆపినప్పటి షట్‌డౌన్ పనులు, ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళ్లేవాడు. మల్కాపురంలో మా పక్క వాటా ఖాళీ అయితే అద్దెకి దిగి, తర్వాత పెళ్లాన్ని తెచ్చుకున్నాడు. ఇల్లు ఓనరమ్మది. ఇచ్చేటప్పుడే ఆవిడ మా అమ్మతో అంది, "ఇందీవోళ్లకి ఇత్తే ఇల్లు గబ్బు సేత్తారంతారు గానీ, పోనీలే, మడిసి నెమ్మదిగా కనిపిత్తన్నాడు."

మా వీధిలో "ఇక్కడివాళ్లు" ఎవరో ఒకసారి చెప్పనివ్వండి. ఓనరమ్మ మామగారు విజయనగరం అవతలి పల్లె నుంచి పోర్టులో మూటలు మొయ్యడానికి వచ్చినాయన. మా నాన్న ఓడల మీద పనికి శ్రీకాకుళం నుంచి వచ్చిన కలాసీ. ఎదురింటివాళ్లు గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి, మా యాసని వెక్కిరిస్తూ మా మధ్యే స్థిరపడినవాళ్లు. ఒక్కరంటే ఒక్కరు ఈ మట్టిలో పుట్టిన తాత ఉన్నవాళ్లు లేరు. అంతమంది వలసవాళ్లం ఒక్కటైంది మాత్రం ఆమె విషయంలోనే. మేం ముందొచ్చాం, ఆమె తర్వాతొచ్చింది. తేడా అంతే. ఆ కాస్త తేడాతోనే మేం ఊరయ్యాం, ఆమె పరాయిదైంది.

వచ్చిన కొత్తలో ముక్కు దాకా ముసుగు. ముసుగులోంచే చకచకా మాట్లాడేది, ఎవరికీ అర్థం కాకపోయినా. కూరగాయల బండి దగ్గర వంకాయ చేత్తో పట్టుకుని దాని మంచీ చెడ్డా చెప్పేది. బండివాడు నవ్వేవాడు, ఆమె ఇంకా గట్టిగా చెప్పేది. నాకు అప్పుడు కాలేజీ వయసు. గోడ మీంచి చూస్తూ, ఈవిడ ఎంత బాగా పోట్లాడుతుందో అనుకునేదాన్ని.

ఆవనూనెతో వండేది. వాసన పడటం లేదన్నారు, మానేసింది. పాపిడి పొడుగునా సింధూరం పెట్టుకునేది. చూసి పిల్లలు భయపడుతున్నారన్నారు, చిటికెడుకి తగ్గించింది. ముసుగు తీసెయ్యమన్నారు, తీసేసింది. ముసుగు పోయినందుకు నేను సంతోషించాను, ఇప్పటికీ సంతోషమే. ఈ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే నాతో వాదించేవాళ్లు వెంటనే ఇదే తీస్తారు: "మరి ఆచారాలన్నీ ఉంచుకోమంటారా మేడమ్?" అని. అయ్యా, మొహం మీది బట్ట తియ్యడం వేరు, నోట్లో గుడ్డ కుక్కడం వేరు. ఈ రెండూ ఒకటేనన్నట్టు మాట్లాడకండి.

ఇప్పుడా సాయంత్రం సంగతి.

కాపురానికొచ్చిన రెండో ఏడో మూడో ఏడో, ఆమె అక్క వచ్చింది ఊరి నుంచి. రైలు దిగి, ఆటోలో, ఒక అటుకుల మూటా, సత్తుపిండి మూటా పట్టుకుని. శుక్రవారం, దీపాలు పెట్టే వేళ. గుమ్మంలో ఒకరినొకరు చూసుకున్నారు. చూసుకోగానే ఇద్దరూ చేతులు చాచి వాటేసుకుని, ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని, గొంతెత్తి ఏడవడం మొదలుపెట్టారు. మామూలు ఏడుపు కాదు. రాగం తీస్తూ, మాటలు కడుతూ, ఒకరు ఆపితే ఇంకొకరు అందుకుంటూ. పోర్టు వైపు వెళ్లే గూడ్సు బండి కూత కూడా దాన్ని మింగలేకపోయింది.

వీధంతా అదిరిపడింది. మా దగ్గర అలాంటి ఏడుపుకి ఒక్కటే అర్థం. ఎవరో పోయారు. బావ పని మీద నుంచి ఇంకా రాలేదు. అంటే బావే, షట్‌డౌన్ పనిలో, ఎత్తు మీంచి పడి. అప్పటికే అలా ఒకరిద్దర్ని చూసిన వీధి మాది. క్షణంలో అందరూ అదే అనుకున్నారు. శవం లేచేదాకా పొయ్యి వెలగకూడదు కనక ఎవరి స్టవ్వులు వాళ్లు ఆర్పేశారు. ఎదురింటివాళ్లు టీవీ కట్టేశారు. ఒకాయన షామియానా వాడికి చెప్పడానికి సైకిలెక్కి వెళ్లిపోయాడు. మా అమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని పరిగెత్తింది. ఆడవాళ్లు చుట్టూ చేరి, వీపు నిమురుతూ, ఎవరమ్మా, ఎప్పుడమ్మా అని అడుగుతున్నారు. వాళ్లకి తెలుగు రాదు, వీళ్లకి ఆ భాష రాదు.

కాసేపటికి అక్కాచెల్లెళ్లిద్దరూ విడిపడి, కొంగుతో మొహాలు తుడుచుకుని, మా అమ్మ తెచ్చిన నీళ్లు తాగి, నవ్వుకున్నారు. నవ్వుకుంటూ చుట్టూ చేరిన గుంపుని చూసి, ఇంతమంది ఎందుకొచ్చారా అని ఆశ్చర్యపోయారు. అప్పుడే సందు మలుపులో బావ కనిపించాడు, టిఫిను డబ్బా ఊపుకుంటూ.

చూడాలి మా వాళ్ల మొహాలు. చావుకి సిద్ధపడి వచ్చినవాళ్లకి చావు దొరకలేదు. అమ్మయ్య అనుకోవాల్సిన మనుషులకి కోపం వచ్చింది. ఓనరమ్మ అందరికన్నా ముందు నోరు తెరిచింది.

"ఎవులూ పోనేదా? మరేటే ఈ ఏడుపు? బతికున్న మడిసిని వాటేసుకుని శోకాలెడతారేటే? సుక్కురోరం దీపాలెట్టే ఏల నా ఇంటికి అరిట్టం తెత్తన్నారేటి?"

బావకి అప్పటికే కొంచెం తెలుగొచ్చు. మా ఊళ్లో ఇది మామూలే అమ్మా, చుట్టాలొస్తే ఆడవాళ్లు ఇలాగే కలుస్తారు అని చెప్పబోయాడు. ఓనరమ్మ వినలేదు. గుమ్మంలో పసుపునీళ్లు చల్లించింది. మళ్లీ ఇంట్లో ఏడుపు వినిపిస్తే ఆ రోజే సామాను రోడ్డు మీద పెడతానంది. షామియానా వాడు గుంజలు వేసుకుని రానే వచ్చాడు. వాడికి సర్దిచెప్పి పంపడం ఇంకో తతంగం. వీధిలో చాన్నాళ్లు అదే జోకు. బావ ఎదురుపడితే చాలు, "ఏటి బావా, మళ్లీ ఎప్పుడు సత్తన్నావ్, సామియానా సెప్పమంతావా?" అనేవారు. బావ నవ్వేవాడు. ఆయనకి ఇంకో ఇల్లు ఎవరిస్తారు?

ఆ ఏడుపేమిటో నాకు చాలా ఏళ్ల తర్వాత అక్కే చెప్పింది. వాళ్ల ఊళ్లో దాన్ని భేంట్ అంటారు. ఇద్దరాడవాళ్లు చాలాకాలానికి కలిస్తే ముందు కుశలప్రశ్నలుండవు. ముందు వాటేసుకుని ఏడవాలి. ఆ ఏడుపులోనే వార్తలన్నీ. నాన్న పోయినప్పుడు నువ్వు రాలేదు, మన తెల్లావు ఈనింది, అత్త నన్ను ఇలా అంది, ఇక్కడ నీళ్లు ఉప్పన, నా కడుపులో మొదటిది నిలవలేదు. మామూలు గొంతుతో చెప్పలేనివన్నీ ఆ రాగంలో చెప్పేసుకుంటారు. చెప్పడం అయిపోగానే ఏడుపూ అయిపోతుంది. తర్వాత నీళ్లు తాగి, నవ్వుకుని, వంటకి లేస్తారు. వెళ్లేటప్పుడు మళ్లీ అంతే. సాగనంపేటప్పుడు ఏడవకపోతే, ఇక మన మధ్య ఏమీ లేదు అని అర్థం.

మనసు డాక్టర్ల దగ్గర కూర్చుని డబ్బులిచ్చి జనం చేసుకునే పని ఇదే కదా? ఒక మనిషి ముందు నోరు తెరిచి, లోపలున్నదంతా బయటపెట్టడం. ఆ పల్లెటూరి ఆడవాళ్లు గుమ్మంలో నిలబడి ఊరికే చేసుకుంటున్నారు. మేం దాన్ని అరిష్టమన్నాం.

అక్కాచెల్లెళ్లలో పెద్దామె నాలుగు రోజులుండి తిరుగు ప్రయాణమైంది. విశాఖ స్టేషన్లో రైలు కదిలే ముందు చెల్లెలి వైపు తిరిగి చేతులు చాచింది. సాగనంపే భేంట్ ఇంటి దగ్గర కాలేదు, కనీసం ఇక్కడైనా అని. చెల్లెలు ఏడవలేదు. బావ ముందే చెప్పి ఉంచాడట, స్టేషన్లో మన వీధివాళ్లు ఎవరైనా ఉంటారు, జాగ్రత్త అని. ఈమె పెదాలు బిగించి అలాగే నిలబడింది. పెద్దామె చేతులు దించేసి బండెక్కేసింది. కిటికీలోంచి ఒకే మాట అందట, "ఈ సముద్రం ఊరు నిన్ను తినేసింది."

ఆ తర్వాత ఆవిడ ఇక రాలేదు. ఇక్కడ ఏడవనివ్వరు అని వీళ్లు ఎవరితోనో చెప్పి పంపారు. ఏడవనివ్వని ఊరు కూడా ఉంటుందా, వంకలు చెప్తోంది అందట ఆవిడ. నిజమే మరి, ఎవరు నమ్ముతారు? చాలా ఏళ్లకి ఫోన్లొచ్చాయి. పండగకో పబ్బానికో రెండు ముక్కలు మాట్లాడుకునేవారు. అక్క నాతో అనేది, "ఫోనుకి చేతుల్లేవు కదా. భేంట్ ఎలా అవుద్ది?"

స్టేషన్ నుంచి వచ్చినప్పటి నుంచి ఆమె మాట తగ్గింది. కూరగాయల బండి దగ్గర వేలు చూపించి, సంచీ చాపి, వచ్చేసేది. పాప పుట్టింది. పాపని బడిలో వేసినప్పుడు, ఇంట్లో తెలుగే మాట్లాడండి, లేకపోతే పిల్ల వెనకబడుతుంది అని చెప్పారు. ఆ రోజు నుంచి బావ పాపతో తెలుగే. మరి తల్లి? తల్లికి వచ్చిన తెలుగెంత? ఒకసారి నేను, నీ తెలుగు బాగానే ఉంది అక్కా అంటే, ఆమె అన్న మాట నేను చాలా సభల్లో చెప్పాను, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. "నా తెలుగు బజారు దాకా వస్తాది. ఇంట్లోకి రాదు."

అలా తల్లీకూతుళ్ల మధ్య బజారు తెలుగు మిగిలింది. తిన్నావా, స్నానం చేశావా, జాగ్రత్త. అంతే. బిడ్డకి చెప్పుకోవాల్సినవన్నీ ఇంకో భాషలో లోపలే ఉండిపోయాయి.

తర్వాత తలనొప్పి. నిద్ర లేకపోవడం. పొద్దున్నే గుమ్మంలో కూర్చుని, రిఫైనరీ గొట్టం మీది మంటని చూస్తూ ఉండిపోయేది. అన్నం మాడినా తెలిసేది కాదు. గాలి సోకిందని ఓనరమ్మే ఎవరినో పిలిపించి వేపమండలు కొట్టించింది. అదీ ప్రేమతోనే సుమా, ఆవిడ దుర్మార్గురాలని నేననడం లేదు. దుర్మార్గులతో పేచీ తేలిక. మంచివాళ్లు మంచి చేస్తున్నామనుకుంటూ చేసే పనులకే మందు లేదు.

చివరికి నేను పోరగా పోరగా ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు బావ. నేనూ వెళ్లాను. డాక్టరు మంచాయనే. చెప్పమ్మా, ఏమిటి బాధ అన్నాడు. ఆమె మొదలుపెట్టింది, తన భాషలో. చాలాసేపు చెప్పింది. చేతులు కదిలాయి, గొంతు లేచింది, మధ్యలో ఆ రాగం కూడా తొంగిచూసింది. నేను అన్నేళ్లలో ఆమె అంతసేపు మాట్లాడడం చూడలేదు. ఆపాక డాక్టరు బావ వైపు చూశాడు. బావ గొంతు సవరించుకుని, "నిద్ర పట్టటంలేదంటంది సార్" అన్నాడు.

డాక్టరు నిద్రకి మాత్రలు రాశాడు. ఆయన తప్పేముంది, చేరిన మాటకి మందిచ్చాడు. బావ తప్పు? ఆ బల్ల ముందు ఆ మనిషికి తన పెళ్లాం దుఃఖం మొత్తాన్ని తెలుగులో చెప్పగలిగే తెలుగెక్కడిది? ఆయనకొచ్చిన తెలుగు గ్యాస్ కటింగ్‌కీ, మేస్త్రీ తిట్లకీ సరిపోయే తెలుగు.

మన పత్రికలు తిరగేయండి. పరాయి దేశాల్లో మనవాళ్లు ఎంత ఒంటరితనం పడుతున్నారో, భాష రాక, తిండి పడక, పలకరించేవాళ్లు లేక మనసు ఎలా చెదిరిపోతుందో, ఏ కాలమ్ చూసినా అదే. చదివి మనం అయ్యో అనుకుంటాం. కావాల్సిందే, వాళ్ల బాధ బాధే. మరి బీహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చి మన పక్క వాటాలో ఉన్న మనిషికి మనసు ఉండదా? మనవాళ్లు బయటికెళ్తే దిగులు, బయటివాళ్లు మన దగ్గరికొస్తే అలవాటు. ఇదీ మన లెక్క. మా ప్రగతిశీల సంఘాలు మాత్రం తక్కువ తిన్నాయా! వలస కార్మికుల కూలి, హెల్మెట్, పీఎఫ్ గురించి గొంతు చించుకుంటాం. చించుకోవాలి కూడా. వాళ్ల ఆడవాళ్లు ఎక్కడ ఏడుస్తున్నారు అన్న ప్రశ్న ఒక్క కరపత్రంలో కూడా నేను చూడలేదు. ఓసారి మీటింగులో ఈ మాట అంటే, అది వ్యక్తిగత సమస్య అన్నాడొకాయన. అద్దె ఇంట్లోంచి గెంటేస్తామని బెదిరించి ఒక మనిషి గొంతు నొక్కడం వ్యక్తిగతమైతే, ఇక రాజకీయం అనేది ఏ గ్రహం మీద ఉందో ఆయనే చెప్పాలి.

సరే, మాత్రలు కొన్నాళ్లు వాడింది. మగతగా ఉండేది. ఆ రోజుల్లోనే బావ ఒక వెట్ గ్రైండర్ కొన్నాడు. పాపకి ఇడ్లీలంటే ఇష్టం.

ఆ గ్రైండర్ వచ్చాక అక్క మారిపోయింది. అదీ వీధి మాట. మొహంలో కాస్త కళ వచ్చింది. ఒక పూట కాకపోతే ఇంకో పూట రుబ్బుతూనే ఉండేది. ఒక్కింటికి అంత పిండి ఎందుకు? అందుకే వీధికి పంచేది. గిన్నె తీసుకుని వెళ్తే చాలు, నిండా పోసి పంపేది. ఓనరమ్మ ఇడ్లీ తింటూ ఒప్పుకుంది, "ఇప్పుడు మన మడిసైనాది. మినప్పిండి మనకంటే మెత్తగా రుబ్బుతాది." మాత్రలు బాగా పనిచేశాయని బావ సంబరపడ్డాడు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం నేను గిన్నె పట్టుకుని వెళ్లాను. వెనక వంటింట్లో గ్రైండర్ హోరు. పిలిచినా వినపడదు కదా అని లోపలికి నడిచాను. గుమ్మం దగ్గరికి చేరానో లేదో కరెంటు పోయింది. రాయి గిర్రున తిరిగి తిరిగి ఆగింది. ఆ హోరు తగ్గుతూ ఉంటే దాని కింద నుంచి ఒక గొంతు పైకి తేలింది. అదే రాగం. అప్పుడెప్పుడో శుక్రవారం సాయంత్రం విన్న రాగం. అక్క నేల మీద కూర్చుని, గ్రైండర్ డ్రమ్ముని రెండు చేతులా వాటేసుకుని, దాని మీద తల ఆనించి, వాళ్లక్కకి వార్తలు చెప్పుకుంటోంది.

నిశ్శబ్దంలో తన గొంతు తనకే వినపడి టక్కున ఆపేసింది. తల తిప్పి నన్ను చూసింది. మొదటగా అడిగిన మాట ఇది.

"బయటికి వినపడిందా?"

లేదక్కా అన్నాను. అబద్ధం కాదు, వీధిలో అందరూ నిద్రలో ఉన్నారు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, నా గిన్నె అందుకుని, పిండి పోస్తూ, మామూలుగా, వంకాయ ధర చెప్పినట్టు అంది. "ఇక్కడ ఏడవాలంటే ఎవరో చావాలి. మా ఊళ్లో అక్కర్లేదు."

ఆ గిన్నె ఇంటికెలా తెచ్చుకున్నానో తెలీదు. ఒక్కటే చెప్తాను. ఆమె మాలో కలిసిపోయిందనడానికి వీధి చూపించే సాక్ష్యం ఆ పిండే. ఆ మెత్తని పిండి ఎలా తయారయ్యేదో తెలిశాక, కలిసిపోవడం అనే మాట ఎవరు వాడినా అక్కడి నుంచి లేచి వచ్చేస్తాను.

ఆ తర్వాత కొన్నిసార్లు, గ్రైండర్ తిరుగుతుంటే నన్ను పక్కన కూర్చోనిచ్చేది. నాకు ఏడవడం రాదని నవ్వేది. "నువ్వు ఏడుస్తుంటే కూడా ఉపన్యాసమే" అనేది. అది మాత్రం ఒప్పుకోవాల్సిందే.

పాప పెద్దదైంది. ఫిజియోథెరపీ చదివి, ఇక్కడే ఒక క్లినిక్‌లో పనిచేస్తోంది. తెలివైన పిల్ల. పోయినేడాది తల్లి చేతులు వణుకుతున్నాయని, ఇక రుబ్బొద్దమ్మా, షాపులో ప్యాకెట్ పిండి దొరుకుతోంది కదా అని గ్రైండర్ ప్లగ్ తీసేసి, మీద బట్ట కప్పేసింది. నేను వద్దన్నాను. కారణం చెప్పలేకపోయాను, అది అక్క నాకు నమ్మి చూపించిన సంగతి. అక్క ఆ బట్ట తియ్యలేదు. ప్యాకెట్ పిండితో ఇడ్లీలు వేసింది. మళ్లీ గుమ్మంలో కూర్చుని, గొట్టం మీది మంట చూడడం మొదలుపెట్టింది. ఈసారి అక్కడి నుంచి లేవలేదు. పొద్దున టీ గ్లాసు పక్కన పెట్టుకుని కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయింది.

నేను ఎలమంచిలి నుంచి వచ్చేసరికి వీధిలో షామియానా వేసి ఉంది. స్టవ్వులు ఆర్పేసి ఉన్నాయి. ఓనరమ్మ ఇప్పుడు బాగా ముసలిదైంది. ఇద్దరు పట్టుకుంటే వచ్చి, శవం మీద పడి రాగం తీసింది. "నా తల్లే, నన్నొదిలి ఎల్లిపోనావేటే, ఎవులికి సెప్పుకుందునే..." చక్కటి గొంతు. మాటలు కట్టి, పేరుపేరునా అన్నీ చెప్పి ఏడ్చింది. అచ్చం అక్క ఏడ్చినట్టే. అంటే వాళ్లకొచ్చింది మాకూ వచ్చు. కాకపోతే మా దగ్గర అది శవాలకి మాత్రమే దక్కుతుంది. నేను ఆవిడ మొహం చూడలేక బయటికొచ్చేశాను.

దహనం ఆ సాయంత్రమే అయిపోయింది. బీహార్ నుంచి పెద్దామె రైల్లో వచ్చేదాకా ఆపలేమన్నారు.

మర్నాడు పాపతో కూర్చున్నాను. ఎన్నాళ్లుగానో ఆపుకున్న మాట, గ్రైండర్ సంగతి చెప్పేశాను. ఆ పిల్ల ఆశ్చర్యపోలేదు.

"తెలుసు పిన్నీ. చిన్నప్పట్నుంచీ తెలుసు. గ్రైండర్ ఆగగానే అమ్మ మొహం కడుక్కునేది. నేను పుస్తకం పట్టుకుని పక్క గదిలోంచి వినేదాన్ని. మాటలు అర్థమయ్యేవి కాదు." బట్ట కప్పిన గ్రైండర్ వైపు చూసి అంది. "అది ఆపేస్తే ఏడుపు ఆగుద్దనుకున్నాను."

ఈ ఒక్క మాట కోసమే ఇదంతా రాశాను. ఆ పిల్లని నేను తప్పుపట్టను, ఎవరూ పట్టకూడదు. ఏడుపంటే జబ్బు అని ఆ పిల్లకి నేర్పింది మేం. మా వీధి, మా బడి, మా పసుపునీళ్లు. తల్లి దుఃఖానికి దారి ఎక్కడుందో తెలిసి కూడా, ఆ దారి మూస్తే దుఃఖం పోతుందని ఆ బిడ్డ నమ్మింది. అంతకన్నా బాగా మాలో కలిసిపోవడం ఎవరికీ సాధ్యం కాదు.

ఆ తర్వాతి రోజు పెద్దామె వచ్చింది. తలంతా తెల్లబడింది, నడుం వంగింది. ఎవరో కుర్రాడు తోడొచ్చాడు. ఆటో దిగి, మా వీధిని, మమ్మల్ని చూసింది. ఎవరినీ పలకరించలేదు. నేరుగా ఆ గుమ్మం ముందుకొచ్చి ఆగిపోయింది. పాప లోపలి నుంచి వచ్చి రెండు చేతులూ జోడించింది. పెద్దామె చేతులు చాచింది. అప్పుడు స్టేషన్లో చాచినట్టే, చాచి అలాగే ఉంచింది.

పాప ఆ చేతుల్ని చూసింది. తర్వాత గిరుక్కున వెనక్కి తిరిగి లోపలికెళ్లిపోయింది. మళ్లీ అదే అవమానమా అనుకున్నాను. పెద్దామె చేతులు దించలేదు. లోపల ఏదో బట్ట లాగిన చప్పుడు. స్విచ్చి టక్ మంది. ఖాళీ డ్రమ్ములో రాయి తిరగడం మొదలైంది. పిండి లేని రాయి హోరు భయంకరంగా ఉంటుంది, వీధి చివరి దాకా వినపడుతుంది.

అప్పుడొచ్చింది పాప బయటికి. వచ్చి, పెద్దమ్మ చేతుల్లో పడి, గొంతెత్తింది. పెద్దామె తన భాషలో. ఈ పిల్ల మా వైజాగ్ తెలుగులో, ఇప్పుడొచ్చినావేటి పెద్దమ్మా, అమ్మ నీ కోసం ఎంత సూసిందో తెలుసా పెద్దమ్మా అంటూ. క్లినిక్‌లో పేషెంట్లతో మాట్లాడే తెలుగు కాదు, వీధిలో ఆడుకున్నప్పటి తెలుగు. ఒకరి మాట ఒకరికి ఒక్కటీ అర్థం కావడం లేదు. రాగం మాత్రం ఒక్కటే. ఆ పిల్లకి ఆ రాగం ఎవరూ నేర్పలేదు.

షామియానా కింద కుర్చీలో బావ కూర్చుని ఉన్నాడు. లేచాడు. ఎవరి వైపూ చూడకుండా లోపలికి వెళ్లాడు. స్విచ్చి మళ్లీ టక్ మంది.

హోరు తగ్గింది. రాయి ఇంకా కాసేపు దానంతటదే తిరిగింది, బరువుగా, ఒక్కో చుట్టూ నెమ్మదవుతూ. ఆగింది. వీధిలో ఆ రెండు గొంతులే ఉన్నాయి.